లవ్‌క్రాఫ్ట్ కథల్లో మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఏది?

అటకమీదిపిల్లి · శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. రాజమండ్రి, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. గేముల్లో, మీముల్లో కనబడే ఆ ఆక్టోపస్ మొహం దేవుడు ఎక్కడివాడా అని వెతుక్కుంటూ పోతే హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ దొరికాడు. కథలన్నీ నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. నిన్న రాత్రి "ది కాల్ ఆఫ్ క్థుల్హు" చదివాను. ఒకాయన చచ్చిపోయిన తాత వరస మనిషి పెట్టె తెరిచి, అందులో కాగితాలు ఒక్కొక్కటీ చదువుతూ కూర్చుంటాడు. అంతేనా కథ అనుకున్నాను. భయం వేయలేదు.

పొద్దున్న బ్రష్ చేసుకుంటుంటే మాత్రం మొదటి వాక్యం గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. మనిషి బుర్రలో ఉన్నవన్నీ కలిపి చూసుకునే శక్తి వాడికి లేకపోవడమే ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద దయ అంటాడు కదా, అది.

తర్వాత ఏది చదవాలి? మీకు బాగా పట్టుకున్న కథ ఏది? కథ చెప్పేసినా పర్లేదు, నేను ముగింపు ముందే చదివే రకం.

పాతపుస్తకాల_మాస్టారు · శుక్రవారం రాత్రి 11:48

అమ్మాయ్, వెంటనే "ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్" చదువు. ఇంకేమీ ఆలోచించకు.

నాకు లవ్‌క్రాఫ్ట్ దొరికింది అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద. అట్ట ఊడిపోయిన పుస్తకం, మొదటి పది పేజీలు లేవు. రచయిత ఎవరో తెలియకుండానే చదివాను. ఇప్పటికి కనీసం పదిహేనుసార్లు చదివి ఉంటాను ఆ కథని.

సంగతి చాలా చిన్నది. 1882 జూన్‌లో నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు పెరట్లో, బావి పక్కన ఉల్క పడుతుంది. కాలేజీ నుంచి ప్రొఫెసర్లు వచ్చి ముక్క కొట్టుకుని వెళ్తారు. అది చల్లారదు, రోజురోజుకీ తగ్గిపోతుంది. లోపల ఒక బుడగ ఉంటుంది, దానికో రంగు. ఆ రంగు మన ఇంద్రధనుస్సులో లేదు. తర్వాత పిడుగులు పడి రాయి మాయమైపోతుంది. అయిపోయింది అనుకుంటారు.

ఆ ఏడు పళ్ళు విరగకాస్తాయి. ఎప్పుడూ లేనంత లావు, నిగనిగ. కొరికితే చేదు. మార్కెట్‌కి తోలుకెళ్దామని బోలెడు ఆశ పెట్టుకున్న రైతు ఆ పండు కొరికి ఉమ్మేసే చోట నాకు ఒళ్ళు జలదరిస్తుంది. దయ్యం లేదు, భూతం లేదు. పంట పోయింది, అంతే. అక్కణ్ణించి ఒక్కొక్కటే మొదలవుతుంది. గాలి లేకుండా చెట్ల కొమ్మలు కదులుతాయి. పశువులు బూడిద రంగుకి తిరిగి పొడి పొడిగా రాలిపోతాయి. భార్యకి మతి పోతుంది, అటక మీద పెట్టి గడియ వేస్తారు. నీళ్ళు బాగోలేవు, వేరే బావి తవ్వుకోమని స్నేహితుడు చెప్తాడు. నేహమ్ వినడు. అవే నీళ్ళు తాగుతూ ఉంటాడు.

రాయడం 1927 మార్చిలో, అచ్చు అదే ఏడాది సెప్టెంబరులో "అమేజింగ్ స్టోరీస్"లో. దానికి ఆయనకి ముట్టింది 25 డాలర్లు, అదీ పత్రిక వాళ్ళ వెంటపడి అడిగితే. ఆ పత్రికాధిపతి హ్యూగో గెర్న్స్‌బ్యాక్‌ని ఆ తర్వాత ఉత్తరాల్లో "ఎలుక హ్యూగో" అనే పిలిచేవాడు. తన కథల్లో తనకి అన్నిటికన్నా నచ్చింది కూడా ఇదేనని చెప్పుకున్నాడు.

వితండవాది · శనివారం ఉదయం 8:05

తెల్లారగానే టీ తాగుతూ గొడవ పెట్టుకోవడం నా అలవాటు కాబట్టి చెప్తున్నాను. కలర్ బాగుంటుంది, ఒప్పుకుంటా. మిగతావన్నీ విశేషణాల మూట. వికృతమైన, వర్ణించలేని, పేరు పెట్టలేని, ఊహకందని... వర్ణించలేనప్పుడు పెన్నెందుకు పట్టుకున్నావయ్యా? పాత్రలు అన్నీ ఒకటే. ఆడవాళ్ళు లేరు. ఎవరూ ఎవరితోనూ నాలుగు ముక్కలు మాట్లాడరు.

ఇక ఆ క్థుల్హు. కోటానుకోట్ల ఏళ్ళ నాటి మహాశక్తి, సముద్రం అడుగునుంచి లేచొస్తే నార్వే నావికుడొకడు స్టీమర్ పెట్టి తలకి గుద్దేస్తాడు, అది పగిలిపోతుంది. మన సినిమాల్లో విలన్ డెన్ క్లైమాక్స్ ఇంతకన్నా నయం.

నేనొక్కణ్ణే అనట్లేదు. ఎడ్మండ్ విల్సన్ అంతటి విమర్శకుడు 1945లో న్యూయార్కర్ పత్రికలో ఉతికి ఆరేశాడు. ఈ కథల్లో నిజమైన భయానకం ఏదైనా ఉంటే అది చెడ్డ అభిరుచి, చెడ్డ కళ మాత్రమే అన్నాడు.

కోడ్_కూలీ · శనివారం ఉదయం 8:31

విల్సన్ పేరు ఎత్తారు కాబట్టి తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి. అమెరికా సాహిత్యంలో గొప్పవాళ్ళందర్నీ మంచి కాగితం మీద, ఎప్పుడూ దొరికేలా అచ్చేయాలి అని కలగన్నది ఆ విల్సనే. ఆయన పోయాక ఆ కల లైబ్రరీ ఆఫ్ అమెరికా అయింది. 2005లో ఆ వరసలోనే లవ్‌క్రాఫ్ట్ సంపుటం వేశారు. పాపం, చూడ్డానికి విల్సన్ లేడు :)

సముద్రపుకాకి · శనివారం మధ్యాహ్నం 1:12

వైజాగ్ నుంచి. ఇరవై రెండేళ్ళు ఓడల మీద ఇంజిన్ రూములో పనిచేసి దిగినవాణ్ణి. వితండం గారూ, ఆ స్టీమర్ సీను మీరు సగమే చదివారు. గుద్దాక పగిలింది నిజమే. వెనక్కి తిరిగి చూస్తే ఆ ముక్కలు మళ్ళీ కలుసుకుంటున్నాయి. అంటే ఆ నావికుడు జొహాన్సెన్ దాన్ని ఓడించలేదు. దానికి తగలనే లేదు. మనం దోమ మీద చెయ్యి విసిరితే అది పక్కకి జరిగి మళ్ళీ వాలుతుంది చూడండి, ఇక్కడ దోమ మనం. అది పడుకున్న ర్‌ల్యెహ్ నగరం మళ్ళీ సముద్రంలో మునిగిపోయింది కాబట్టి బతికాం. మన గొప్పేమీ లేదు.

ఇంకో మాట. ఆ ర్‌ల్యెహ్ ఎక్కడుందో కథలో అక్షాంశం, రేఖాంశం ఇస్తాడు. దక్షిణం 47 డిగ్రీల 9 నిమిషాలు, పడమర 126 డిగ్రీల 43 నిమిషాలు. రాసింది 1926లో. భూమ్మీద నేలకి అన్నిటికన్నా దూరంగా ఉండే సముద్ర బిందువు ఏదో కంప్యూటర్‌తో లెక్కగట్టింది 1992లో. పాయింట్ నీమో అంటారు. ఎటు చూసినా దగ్గరి నేల దాదాపు 2,700 కిలోమీటర్లు. ఆ రెండింటినీ చార్టు మీద పెడితే ఇంచుమించు పక్కపక్కనే ఉంటాయి. ఆయనకేదో దివ్యదృష్టి ఉందని కాదు. మ్యాపు ముందేసుకుని, మనిషికి అందని చోటు ఏదా అని వేలు పెట్టి ఉంటాడు. వేలు సరిగ్గా పడింది.

నేను అంత దక్షిణానికి ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ పసిఫిక్‌లో రాత్రి డ్యూటీ దిగి డెక్ మీదికొస్తే, నాలుగు వైపులా ఒక్క దీపం ఉండదు. అప్పుడు భయం వేయదు. నువ్వు ఉన్నావని ఎవరికీ పట్టలేదు అనిపిస్తుంది. ఆ కథలో ఉన్నదీ అదే.

అటకమీదిపిల్లి · శనివారం మధ్యాహ్నం 2:40

అంకుల్, ఆ ఆఖరి మాటలు స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

చిన్న డౌట్. క్థుల్హు, కథూలు, తులు, చుతులు... ఒక్కొక్కరు ఒక్కోలా అంటున్నారు. అసలు ఎలా పలకాలి?

వితండవాది · శనివారం మధ్యాహ్నం 2:52

ఉక్థం అన్న వేదపు మాట పలికే జాతికి క్థుల్హు ఒక లెక్కా? పురోహితుడు గారికి ఇస్తే స్వరంతో సహా లాగించేస్తారు.

అనువాదాల_అక్క · శనివారం మధ్యాహ్నం 3:30

హహ్హ. దీని మీద లవ్‌క్రాఫ్టే ఒక ఉత్తరంలో రాశాడు. ఇది మనిషి నోటికోసం పుట్టిన మాట కాదు, మనుషులు తమ గొంతుతో ఎంతవరకు అనగలరో అంతే అన్నాడు. మొదటి అక్షరం గొంతులోంచి, ముద్దగా, క్లుల్‌కీ ఖ్లుల్‌కీ మధ్యలో, తర్వాత హ్లూ అని వస్తుందట. నేను మాత్రం "క్థుల్హు" అనే రాస్తున్నాను. చదివేవాళ్ళు అక్కడ కాస్త తడబడాలి, అదే సరైన ఉచ్చారణ.

రాస్తున్నాను అన్నాను కదా, చెప్పేస్తాను. మాస్టారు పైన చెప్పిన కలర్‌నే ఆర్నెల్ల నుంచి తెలుగు చేస్తున్నాను. ఎవరో వేస్తారని కాదు, నా సరదా. మొదటి వాక్యం దగ్గరే నెల పట్టింది. ఇలా కుదిరింది:

"ఆర్కమ్‌కు పడమట కొండలు పెచ్చుమీరి లేస్తాయి. అక్కడి లోయల్లో గొడ్డలి వేటు ఎరగని అడవులున్నాయి."

పేరు మాత్రం కుదరట్లేదు. "అంతరిక్షపు రంగు" అంటే సైన్సు పాఠంలా ఉంది. "ఆకాశం నుంచి పడిన రంగు" అంటే పిల్లల కథ. అందరూ ఒక చెయ్యి వేయండి.

కోడ్_కూలీ · శనివారం సాయంత్రం 6:15

"వర్ణం" అని ఒక్క మాట పెడితే?

అనువాదాల_అక్క · శనివారం సాయంత్రం 6:22

తమ్ముడూ, వర్ణం అనగానే సగంమంది కచేరీ అనుకుంటారు, మిగతా సగం కులం అనుకుంటారు.

బావిగట్టు · శనివారం రాత్రి 9:10

రెండోదే అనుకోనివ్వండి అక్కా. ఆయన్ను తలచుకుంటే అదీ తగినట్టే ఉంది.

నేను లవ్‌క్రాఫ్ట్‌ను ఇష్టంగా చదువుతాను. చదువుతూ తిట్టుకుంటాను. ఈ చర్చలో ఇంతసేపూ ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నాను. ఆయన జాతి ద్వేషం ఏదో ఒకచోట నోరు జారింది కాదు. 1924లో సోనియా గ్రీన్‌ను పెళ్ళాడి న్యూయార్క్ పోయాడు. ఆమె యూదు మతస్థురాలు, ఆమె సంపాదన మీద బతుకుతూ యూదుల్ని తిడుతూ ఉత్తరాలు రాశాడు. బ్రూక్లిన్ వీధుల్లో వలస వచ్చినోళ్ళను చూసి ఆయనకు కలిగిన అసహ్యం "ది హారర్ ఎట్ రెడ్ హుక్" నిండా ఉంది. కథగా కూడా అది చెత్త. 1926లో మళ్ళీ సొంతూరు ప్రావిడెన్స్‌కు పారిపోయి వచ్చినాకే ఆయన మంచి కథలన్నీ వచ్చినాయి.

వరల్డ్ ఫాంటసీ అవార్డుకు ఆయన తలబొమ్మ ఇచ్చేవాళ్ళు. 2011లో ఆ అవార్డు గెలిచిన న్నెడి ఒకొరాఫోర్, నల్లజాతి రచయిత్రి, ఈ జాతి ద్వేషి తల నా ఇంట్లో ఉంది, రచయిత్రిగా నాకొచ్చిన పెద్ద గౌరవాల్లో అదొకటి అని రాసింది. 2015లో ఆ బొమ్మను ఆపేసినారు. మంచి పని చేసినారు.

వితండవాది · శనివారం రాత్రి 9:25

ఆ కాలం అలాంటిది అని ఎవరో ఒకరు అనాలి కదా, నేనే అనేస్తాను.

బావిగట్టు · శనివారం రాత్రి 9:33

ఆ కాలంలోనే ఆయన స్నేహితులు ఆయనతో దీని మీద వాదించినారు. జేమ్స్ మార్టన్ అనే ఆయన అప్పటికే జాతి వివక్షకు వ్యతిరేకంగా పుస్తకమే రాసినాడు. కాలం మీదికి తోసేస్తే కుదరదు.

సముద్రపుకాకి · శనివారం రాత్రి 10:02

అమ్మా, నేనూ ఒకటి చెప్తాను. మధ్యాహ్నం అంత పొగిడాను కదా క్థుల్హుని. అందులో జొహాన్సెన్ ఎలా చనిపోతాడో గుర్తుందా? గోథెన్‌బర్గ్ రేవు దగ్గర సందులో నడుస్తుంటే పైన కిటికీలోంచి కాగితాల కట్ట మీద పడి కింద పడిపోతాడు. ఇద్దరు లాస్కర్ నావికులు వెంటనే లేవదీస్తారు. అంబులెన్సు వచ్చేలోపు ప్రాణం పోతుంది. వాళ్ళు ఏమీ చేసినట్టు ఎక్కడా రాయడు. కానీ చదివేవాడికి అర్థమవుతుంది, చంపింది వాళ్ళేనని.

లాస్కర్లంటే ఎవరు? బ్రిటిష్ ఓడల్లో బొగ్గు వేసిన మనవాళ్ళే. ఈ ఉపఖండం వాళ్ళు. నేను ఇంజిన్ రూము మనిషిని, వందేళ్ళ ముందు పుట్టుంటే నన్నూ ఆ మాటతోనే పిలిచేవారు. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. పడిపోయినవాణ్ణి లేపితే కూడా హంతకుడివే. రెండోసారి నవ్వు రాలేదు.

అయినా ఆ కథ నాకు ఇష్టమే. ఏం చేయమంటారు?

కోడ్_కూలీ · శనివారం రాత్రి 10:20

విక్టర్ లవాల్ అనే నల్లజాతి రచయిత రెడ్ హుక్ కథనే తీసుకుని నల్లవాడి వైపునుంచి తిరగరాశాడు, 2016లో, "ది బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్". దాన్ని లవ్‌క్రాఫ్ట్‌కే అంకితమిచ్చాడు, నాలోని ఒకదానికొకటి పొసగని భావాలన్నిటితో అని. మీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు అదొక్కటే.

పాతపుస్తకాల_మాస్టారు · శనివారం రాత్రి 10:55

బావిగట్టు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను, కొట్టేయడానికి కాదు. ఆయన భయాలన్నిటికీ మూలం రక్తమే. మూడేళ్ళు నిండకముందే తండ్రికి మతి చలించి ఆసుపత్రిలో పెట్టారు, 1898లో అక్కడే పోయాడు. 1919లో తల్లినీ అదే బట్లర్ ఆసుపత్రిలో చేర్చారు, రెండేళ్ళకి ఆవిడా పోయింది. నా ఒంట్లో ఏముందో, ఎప్పుడు బయటపడుతుందో అన్న భయం ఆయనది. దాన్ని పక్కవాడి రక్తం మీదికి తోశాడు.

"ది షాడో ఓవర్ ఇన్స్‌మత్" చూడండి. చేపల మొహాలవాళ్ళు ఉండే పాడుబడ్డ రేవు ఊరు. కథంతా వాళ్ళని అసహ్యించుకుంటూ పారిపోయిన కుర్రాడు చివరికి అద్దంలో చూసుకుంటే తన మొహంలోనూ అదే పోలిక. ముందు పిస్తోలు కొనుక్కుంటాడు చద్దామని. తర్వాత సముద్రంలోకి వెళ్ళిపోదామని నిర్ణయించుకుంటాడు, అదీ సంతోషంగా. ద్వేషంతో మొదలెట్టిన కథ ఆయన చేతుల్లోంచి జారిపోయి ఎదురు తిరిగింది. ఆయన బతికుండగా పుస్తకంగా వచ్చింది అదొక్కటే, 1936లో. అదీ అచ్చుతప్పుల పుట్ట.

అటకమీదిపిల్లి · ఆదివారం ఉదయం 10:08

రాత్రికి రాత్రి ఇంత నడిచిందా! అన్నీ చదివాను. జాతి సంగతి నాకు అస్సలు తెలియదు, చెప్పినందుకు థాంక్స్ అక్కా.

ఇంకో ప్రశ్న, తిట్టకండి. మా తాతయ్యకి క్థుల్హు కథ చెప్పాను. ఆయన చప్పగా విని, "ఇదేముందే, గీతలో పదకొండో అధ్యాయం" అన్నారు. నిజమేనా?

పాతపుస్తకాల_మాస్టారు · ఆదివారం ఉదయం 10:40

మీ తాతయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. సగం నిజం.

విశ్వరూపం చూసిన అర్జునుడు ఏమంటాడు? "దిశో న జానే న లభే చ శర్మ". దిక్కులు తెలియట్లేదు, నెమ్మది లేదు. కోరల నోళ్ళలోకి వీరులందరూ దీపంలోకి పురుగులు పోయినట్టు పోతున్నారు. అచ్చం ర్‌ల్యెహ్ తలుపు తెరుచుకున్నప్పటి భయమే. కానీ తర్వాత ఏం జరుగుతుంది? మళ్ళీ మామూలు రూపం చూపించు స్వామీ అని బతిమాలితే ఆయన చూపిస్తాడు. భయపడకు అంటాడు. అంటే అటువైపు ఉన్నది నీ మాట వింటుంది. నీ పేరు దానికి తెలుసు. నీ బండి తోలుతోంది అదే.

లవ్‌క్రాఫ్ట్ నాస్తికుడు. ఆయన విశ్వంలో బతిమాలడానికి ఎవరూ లేరు. క్థుల్హుకి మనమీద కోపం లేదు, ప్రేమ లేదు. అది పెద్ద భయం.

అనువాదాల_అక్క · ఆదివారం ఉదయం 11:15

తెలుగు పాఠకుడికి ఈ కథలు ఎక్కకపోవడానికి కారణం కూడా అదేననుకుంటాను మాస్టారూ. మన క్షుద్ర నవలల్లో చేతబడి ఉంటే దానికి విరుగుడూ ఉంటుంది. మంత్రగాడుంటే అంతకన్నా పెద్ద మంత్రగాడు వస్తాడు. చివరి వారం సీరియల్‌కి ఎవరో ఒకరు నిమ్మకాయ కోస్తారు. ఇక్కడ కోయడానికి నిమ్మకాయ లేదు.

పైగా కాలం విషయంలో మనకి అదురు లేదు. కల్పం అంటే 432 కోట్ల ఏళ్ళు అని పంచాంగం మొదటి పేజీలోనే చదువుకుంటాం, చదివి దుర్ముహూర్తం ఎప్పుడో చూసుకుంటాం. "ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్"లో అంటార్కిటికా మంచులో కోట్ల ఏళ్ళనాటి నగరం బయటపడగానే ఆ ప్రొఫెసర్ కాళ్ళకింద నేల కదిలిపోతుంది. మా అత్తగారైతే "ఉంటాయమ్మా అలాంటివి" అనేస్తారు.

కోడ్_కూలీ · ఆదివారం ఉదయం 11:40

అక్కా, మౌంటెన్స్‌లో నన్ను కదిలించింది నగరం కాదు. దాన్ని కట్టిన నక్షత్రం తల జీవులు నిద్ర లేచి, తమ మనుషులెవరూ మిగల్లేదని తెలిసి, చీకట్లో వెతుక్కుంటూ వెళ్ళి, తాము పుట్టించిన బానిస జీవుల చేతిలోనే చచ్చిపడి ఉంటాయి. వాటిని చూసి కథ చెప్పేవాడు, పాపం, ఇవి ఏమైనా కానీ, ఇవీ మనుషులే అంటాడు. లవ్‌క్రాఫ్ట్ తన పక్క వీధివాడి గురించి ఆ మాట అనలేకపోయాడు, ఎనిమిది అడుగుల పీపా లాంటి జీవి గురించి అనగలిగాడు. 1931లో దీన్ని "వియర్డ్ టేల్స్" సంపాదకుడు తిప్పి పంపాడు. ఆ దెబ్బకి ఆయన చాలా కుంగిపోయాడు. ఐదేళ్ళకి వేరే పత్రిక వేసింది, ఇష్టమొచ్చినట్టు కోసేసి.

నేను బోస్టన్ పక్కన ఉంటాను. రెండేళ్ళ కిందట రైలెక్కి ప్రావిడెన్స్ వెళ్ళాను, గంట ప్రయాణం. స్వాన్ పాయింట్ శ్మశానం పార్కులా ఉంటుంది. ఆయన 1937 మార్చి 15న పేగు కేన్సర్‌తో పోయాడు, 46 ఏళ్ళకి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా. సొంత రాయి కూడా లేదు, కుటుంబం స్తంభం మీద పేరు మాత్రం చెక్కారు. 1977లో అభిమానులు చందాలేసుకుని చిన్న రాయి పెట్టారు. దాని మీద ఆయన ఉత్తరంలోని మూడు మాటలు: "ఐ యామ్ ప్రావిడెన్స్". ఊరి పేరు అదే, దైవకృప అన్నా అదే మాట. నాస్తికుడి రాయి మీద.

నేను వెళ్ళేసరికి రాయి ముందు రెండు పెన్నులు, కొన్ని నాణేలు, ఒక ప్లాస్టిక్ ఆక్టోపస్ ఉన్నాయి. నా దగ్గర ఏమీ లేదు. జేబులో పల్లీ చిక్కీ ఉంటే అది పెట్టొచ్చాను. తీపంటే ప్రాణం అట ఆయనకి. ఐస్‌క్రీమ్ దుకాణంలో స్నేహితులతో కలిసి 28 రకాలు లాగించాడని చదివాను. సముద్రపు తిండి మాత్రం వాసన కూడా పడదు. క్థుల్హు రహస్యం అదే అయ్యుండొచ్చు.

వితండవాది · ఆదివారం మధ్యాహ్నం 12:30

చిక్కీ పెట్టావా. సరే, నువ్వు గెలిచావు.

నాకూ ఒకటి ఇష్టం, ఇప్పుడు చెప్తాను. "కూల్ ఎయిర్". ఎప్పుడో చచ్చిపోయిన డాక్టర్ తన శరీరం కుళ్ళిపోకుండా గదిలో అమ్మోనియా మిషన్ పెట్టుకుని చలిలో బతుకుతుంటాడు. ఒక రాత్రి మిషన్ పాడవుతుంది. కింది గదివాడు ఊరంతా తిరిగి ఐసు మోయిస్తాడు, రిపేరువాడి కోసం వెతుకుతాడు. దొరికి తీసుకొచ్చేసరికి ఆలస్యమైపోతుంది. నేను దీన్ని మే నెలలో, విజయవాడలో, ఏసీ కంప్రెసర్ పోయిన రాత్రి చదివాను. ఏసీ మెకానిక్ "పొద్దున్నే వచ్చేస్తా సార్" అన్నాడు. ఆ డాక్టర్ బాధ నాకంటే బాగా అర్థమైనవాడు భూమ్మీద లేడు.

అనువాదాల_అక్క · ఆదివారం మధ్యాహ్నం 3:05

ఇప్పుడు అసలు సాయం కావాలి. కలర్‌లో నేహమ్ చనిపోతూ మాట్లాడే చోటు. అంతసేపూ మర్యాదగా, పుస్తకభాషలో నడిచే కథ అక్కడ ఒక్కసారిగా పల్లెటూరి రైతు నోటికి మారుతుంది. న్యూ ఇంగ్లండ్ యాస. ముక్కలు ముక్కలుగా చెప్తాడు. ఏమీ లేదు, ఆ రంగు, అది కాలుస్తుంది, చల్లగా తడిగా ఉంటుంది కానీ కాలుస్తుంది, బావిలో ఉండేది, అని. నేను మొదట ఇలా రాశాను:

"ఏమీ లేదు... ఏమీ లేదు... ఆ రంగు... కాలుస్తుంది... చల్లగా, తడిగా ఉంటుంది, కానీ కాలుస్తుంది..."

చచ్చిపోతున్నవాడు వార్తలు చదువుతున్నట్టుంది. యాస పెడదామంటే భయం. మన సినిమాలు యాసని ఎంతగా కామెడీకి వాడేశాయంటే, పాఠకుడు అక్కడ నవ్వితే నా కథ పోయినట్టే.

బావిగట్టు · ఆదివారం సాయంత్రం 5:48

అక్కా, మాది కర్నూలు వైపు. మా అవ్వ ఊరు శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగింది, 1981లో. అందుకే ఆ కథ మొదలయ్యే తీరే నాకు గుండెలో పడింది. అది దయ్యాల ఊరికి పోయినోడు చెప్పే కథ కాదు కదా. రిజర్వాయర్ కట్టబోతుంటే నేల కొలవడానికి వచ్చిన సర్వేయర్ చెప్పే కథ. మా అవ్వ కూడా సర్వే గొలుసుల నుంచే మొదలుపెట్టేది. గొలుసు పట్టుకోనొచ్చినారు, సున్నం గీత గీసినారు, ఈ గీత దాకా నీళ్ళొస్తాయన్నారు, ఎవురూ నమ్మలేదు, అని. ఎండాకాలం నీళ్ళు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పోయి చూసొస్తారు. మా అవ్వ ఒక్కసారీ పోలేదు.

ఆ సర్వేయర్ చివర్న, నేను మాత్రం ఆర్కమ్ నీళ్ళు తాగను అంటాడు. మా అవ్వ అందుకు రివర్సు. ఊరు విడిచేటప్పుడు బావిలో నీళ్ళు ఒక చెంబు నింపి, మూతికి గుడ్డ కట్టి ఒళ్ళో పెట్టుకోనొచ్చిందంట.

మీ వాక్యం ఆమె మాటలో అయితే ఇట్లుంటుంది:

"ఏం ల్యా... ఏం ల్యా... ఆ రంగు... కాలుస్తాది... సల్లగుంటాది, తడిగుంటాది, గానీ కాలుస్తాది... బాయిలో ఉన్యాది... నేను సూసినా..."

దీనికి ఎవురన్నా నవ్వితే నా దగ్గరికి పంపండి.

పాతపుస్తకాల_మాస్టారు · ఆదివారం సాయంత్రం 6:20

పదిహేనుసార్లు చదివానని చెప్పాను కదా. నేహమ్ గొంతు ఇప్పుడే విన్నాను.

సముద్రపుకాకి · ఆదివారం సాయంత్రం 6:31

"సూసినా" దగ్గర ఆగిపోయాను.

అనువాదాల_అక్క · ఆదివారం సాయంత్రం 7:10

బావిగట్టు గారూ, ఇది తీసుకుంటున్నాను, మీరు కాదన్నా సరే. ఒక్క అనుమానం. నేహమ్ స్నేహితుడు ఆమీ పియర్స్ కూడా అదే ఊరివాడు కదా, అతనికీ ఇదే మాట పెట్టాలా? కథంతా అతను సర్వేయర్‌కి చెప్పినదే. అలాగైతే మొత్తం కథనే మీ అవ్వ మాటలో తిరగరాయాల్సి వస్తుందేమో.

బావిగట్టు · ఆదివారం రాత్రి 7:26

రాయండి. నేను చదివి పెడతా. పేరు కూడా కుదిరింది చూడండి. "బాయిలో రంగు".

వితండవాది · ఆదివారం రాత్రి 7:30

అంతరిక్షం పోయి బాయి వచ్చింది. లవ్‌క్రాఫ్ట్ సమాధిలో తిరగబడతాడు. నాకు నచ్చింది.

అటకమీదిపిల్లి · ఆదివారం రాత్రి 9:55

అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాను, వీకెండ్‌కి వచ్చాం. ఇప్పుడే కలర్ అయిపోయింది. ఆ పిల్లాడు మెర్విన్ లాంతరు, బకెట్ పట్టుకుని నీళ్ళకోసం వెళ్ళి తిరిగిరాని చోట ఫోన్ పక్కన పెట్టి కాసేపు లైటు వేసుకుని కూర్చున్నాను. చివర్లో ఆ రంగంతా ఆకాశంలోకి లేచిపోయాక ఒక చిన్న ముక్క మళ్ళీ వెనక్కి బావిలో పడిపోతుంది కదా... మాస్టారూ, ఆ ముక్క గురించి ముందే ఎందుకు చెప్పలేదు?

ఇక్కడ ట్యాంకు ఖాళీ అయింది. మోటారు స్విచ్ పెరట్లో బావి పక్కన గోడకి ఉంది. అమ్మ రెండుసార్లు పిలిచింది. తమ్ముణ్ణి పంపుతున్నాను.